కలము పేరు, ఇంటి పేరు

పేరు అనునది మనుష్యుడు తాను సంపాదించుకొన్న వస్తువు కాదు, పెద్దలు పెట్టినది. తాతగారి పేరో, కులదైవము పేరో, మ్రొక్కుకొన్న కొండ పేరో, మనము తొట్టెలలో ఉన్ననాడే చెవిలో ముమ్మారు చెప్పి మనమీద ఉంచుదురు. మోయుటకు సమ్మతమా అని ఎవ్వరును అడుగరు. ఇట్టి లోకములో ఒక్క రచయిత మాత్రము పెరిగి పెద్దవాడైన తరువాత తనకు తానే నామకరణము చేసికొనును. ఆ వేడుకకు తొట్టె లేదు, పేరంటము లేదు, పళ్ళెములో పోసిన బియ్యము లేదు. పత్రికకు పంపు కాగితము చివర నాలుగక్షరములు వ్రాసికొనుటయే. దానినే మనము కలము పేరందుము.

మొన్నటి ఉగాదికి మా ఇంట చేరిన పిల్లలలో ఎనిమిదేండ్లవాడొకడు బీరువాలోని పాత పుస్తకమొకటి తీసి, అట్టమీది పేరును కూడబలుకుకొని చదివి, “ఇది నీ పేరు కాదు కదా తాతా, మరి అబద్ధం కాదా?” అని అడిగెను. పెద్దలందరు నవ్విరి, మేమును నవ్వితిమి. కాని పిల్లలడుగు ప్రశ్నలకు నవ్వు సమాధానము కాదు. వాడు ఓళిగ తినుటలో పడి తన ప్రశ్నను మరచిపోయెను గాని మేము మరువలేకపోతిమి. ఈ సంచికకు ఏదైన వ్రాయుమని సంఘమువారు కోరినప్పుడు ఆ ప్రశ్నకే సమాధానము వెదకుదమని కూర్చుంటిమి.

నిజమునకు కోలారు సీమ తెలుగువారికి ఒకటికి మించిన పేర్లుండుట క్రొత్త గాదు. ఇంటిలో చిన్నప్పయ్య, బడిపట్టీలో కన్నడ అక్షరములలో వెంకటప్ప, గని ఆఫీసులో దొర చెవికి ఎట్లు వినబడెనో అట్లు ఇంగ్లీషున మరియొక రూపము, భూమిలోనికి దిగునప్పుడు ఒక నంబరు. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు పనికి దిగిన నాటినుండి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడు దనుక, చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెలనుండి ఇచ్చటికి వచ్చిన మనవారు ఇట్టి పేర్లతోడనే బ్రదికిరి. ఇంటిపేరు సంగతి సరేసరి. మైసూరు సీమ ఆచారముచొప్పున ఊరిపేరో తండ్రిపేరో పొడి అక్షరముగా ముందు తగిలించుకొని, అసలు ఇంటిపేరును పెండ్లి సంబంధము మాటలాడు నాటికి మాత్రము పెట్టెలోనుండి తీయుట మనకలవాటు. ఈ పేర్లలో ఏది అబద్ధమని ఎవ్వరు చెప్పగలరు? శనివారము జీతము పుచ్చుకొన్నవాడును, పండుగనాడు పీటపై కూర్చుండి తలంటించుకొన్నవాడును ఒక్కడే. నంబరుతో పిలిచిన మాత్రమున వాడు మరియొకడు కాలేదు.

కవులు వేరు పేరుతో వ్రాయుట మన దేశములో పూర్వమునుండి కలదు. అయితే దాని ఉద్దేశము వేరు. క్షేత్రయ్య పదములలో వినబడు ముద్ర క్షేత్రయ్య కాదు, మువ్వగోపాలుడు. మన సీమలోనే కైవారము నారాయణప్పగారున్నారు. గాజుల మలారము భుజమున వేసికొని ఊరూర తిరిగిన ఆ తాతయ్య తెలుగునను కన్నడమునను తత్త్వములు పాడి, వానికి పెట్టిన ముద్ర “అమరనారేయణ”. అది కైవారములోని దేవుని పేరు. కైవారము 2007లో చిక్కబళ్ళాపురము జిల్లాలోనికి పోయినది గాని అంతవరకు మన కోలారు జిల్లాయే. గురుపూర్ణిమనాడు అచ్చట జరుగు సంగీతోత్సవమునకు పోవు తెలుగు కుటుంబములు ఇప్పటికిని కలవు. తాతయ్య ఆ పేరు పెట్టినది తాను దాగుటకు కాదు, పాట తనది కాదని చెప్పుటకు. ముద్ర యన ఒక విధమైన దానపత్రము. నవలాకారుని కలము పేరు అట్టిది కాదు. పారితోషికము ఏ పేర వచ్చినను ఖర్చగునది ఇంటిలోని మనుష్యుని చేతిమీదుగానే. కనుక ముద్రను చూపి కలము పేరును సమర్థించుట పొసగదు. వేరొక న్యాయము వెదకవలెను.

అందుకు మన జిల్లావారే అయిన మాస్తి వేంకటేశ అయ్యంగారు జ్ఞప్తికి వచ్చుచున్నారు. మాలూరు తాలూకాలోని మాస్తి వారి ఊరు. 1891 జూన్ 6న జన్మించిరి. ఇంటిలో తమిళము మాటలాడు శ్రీవైష్ణవ కుటుంబము, బీద కుటుంబము. 1914లో మదరాసున ఇంగ్లీషులో ఎం. ఏ. పట్టము పొంది, మైసూరు సంస్థానపు సివిల్ సర్వీసులో చేరి, ఎక్సైజు కమీషనరు పదవి దనుక ఎదిగి, తమకన్న చిన్నవారిని తమకు పైని కూర్చుండబెట్టిరని 1943లో ఉద్యోగమును వదలుకొనిరి. 1920లో వారి మొదటి కథల సంపుటము వచ్చినది. 1956లో వచ్చిన “చిక్కవీర రాజేంద్ర” నవలకు, గ్రంథకర్త తొంబది యేండ్లు దాటిన పిమ్మట, 1983 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము లభించినది. 1986లో, సరిగా తమ పుట్టినరోజైన జూన్ 6ననే, గతించిరి. ఇంటి భాష ఒకటి, కలము భాష ఒకటి అయినందుకు వారిని కపటియని తమిళులు గాని కన్నడిగులు గాని అనలేదు. ఇంటిలో తెలుగును, బయట కన్నడమును పెట్టుకొని బ్రదుకు మన పిల్లలకు ఇది తెలిసియుండుట మంచిది.

వారు పెట్టుకొన్న కలము పేరు “శ్రీనివాస”. తిరుమల కొండను చూచి బ్రదుకు ఈ సీమలో అది ఎంత సహజమైన పేరో వేరుగ చెప్పనక్కరలేదు. మన ప్రతి వీథిలోను నలుగురు శ్రీనివాసులున్నారు. అయితే వింత యేమన, దేవుని పేరు పుస్తకములమీద ఉండగా జనుల నోట నిలిచిన పేరు “మాస్తి”. అది ఊరి పేరు. మహాసతి యను మాట అరిగి మాస్తి అయినదందురు. భర్తతో పాటు చితినెక్కిన యే స్త్రీ జ్ఞాపకార్థమో నిలిపిన రాయి, ఆ రాతివలన ఊరు, ఊరివలన రచయిత. తాను కోరి పెట్టుకొన్న పేరు వెనుకబడి, ఎవ్వరును పెట్టని పేరు ముందుకు వచ్చినది. పేరు మన చేతిలోని దనుకొనుటలో ఎంత భ్రమ యున్నదో దీనివలన తెలియును. వారి నవలలోని కొడగు రాజు కథలోను ఇట్టిదొకటి కలదు. 1834లో ఆంగ్లేయులు అతనిని గద్దెనుండి దింపిరి. తరువాత అతడు కూతురును వెంటబెట్టుకొని లండను చేరెను. 1852లో ఆ చిన్నదానికి రాణీగారి సమక్షమున జ్ఞానస్నానము చేయించి విక్టోరియా అని పేరు పెట్టిరి. గౌరమ్మ అడిగి తెచ్చుకొన్న పేరు కాదది.

సర్కారు కొలువులోనివారు మారుపేరుతో వ్రాయుటకు కారణములు వెదకనక్కరలేదు. ప్రేమ్‌చందు అసలు పేరు ధన్‌పత్ రాయ్. బడుల తనిఖీ ఉద్యోగములో ఉండి నవాబ్ రాయ్ అను పేరుతో ఉర్దూలో కథలు వ్రాసెను. 1908లో వచ్చిన “సోజె వతన్” రాజద్రోహమని దొరతనమువారు ప్రతులను పట్టుకొనిరి. నవాబ్ రాయ్ అచ్చటితో ఆగిపోయెను. 1910లో ప్రేమ్‌చందు పుట్టెను. ఆ మార్పును అబద్ధమన్నవాడు నిజమును ఎరుగడు. మన తెలుగులో బీనాదేవి కలరు. ఆ పేరు వెనుక న్యాయాధికారిగా నుండిన భాగవతుల నరసింగరావుగారును, వారి భార్య త్రిపురసుందరమ్మగారును ఇద్దరుండిరి. భర్త పోయిన పిమ్మటను భార్య ఆ పేరునే నిలిపిరి. ఇద్దరి కాపురమునకు ఒక ఇంటిపేరు చాలినట్లు ఇద్దరి కలములకు ఒక పేరు చాలినది. బుచ్చిబాబు అను పేరు వినుడు. శివరాజు వెంకట సుబ్బారావు అను పేరుకన్న అది ఇంటిలో తల్లి పిలిచిన పిలుపువలెనే వినబడును. అందరు కలము పేర్లవారును ఇల్లు విడిచి పోలేదు; కొందరు ఇంటినే వీథిలోనికి తెచ్చుకొనిరి.

1960, 70లలో వారపత్రికలందు స్త్రీల నవలలకు గిరాకి హెచ్చినప్పుడు, కొందరు పురుషులు స్త్రీల పేర్లు పెట్టుకొని వ్రాయుటయు మనమెరిగినదే. దీనిని మాత్రము మేము మెచ్చుకొనలేము. అచ్చట పేరు తెర కాదు, ఎర. ఒక స్త్రీ తన అనుభవము చెప్పుచున్నదని నమ్మి చదివిన గృహిణిని మోసపుచ్చుటయే. అయితే ఇది పెద్ద పాపమును కాదు. పత్రిక పాతబడగానే అదియు పాతబడినది.

ఇంతవరకు వచ్చి చూచిన, పిల్లవాని ప్రశ్నకు సమాధానము సులభముగానే దొరకునట్లు కనబడును. నవల చదువువాడు రచయిత రేషను కార్డు అడుగడు. పేరు నిలుకడగా ఉండవలెను, ఆ పేరుతో పలికిన మాటకు రేపు ఎవరో ఒకరు జవాబు చెప్పవలెను. చదువరికి రావలసిన బాకీ ఇంతియే. మాస్తివారు శ్రీనివాస అని వ్రాసినను ఆ కథలకు జవాబుదారి మాస్తివారే. కనుక అబద్ధము కాదు. మేమును ముప్పది నలువది యేండ్లు ఈ సమాధానముతోనే తృప్తి పడియుంటిమి. అయితే ఈ లెక్కలో ఇద్దరు మాత్రమే ఉన్నారు: వ్రాసినవాడు, చదివినవాడు. మూడవవారొకరు కలరు. వారినిగూర్చియే కథ వ్రాయబడును. వారికి కలము పేరు లేదు.

ఇంగ్లండులో షార్లెట్ బ్రాంటి అను ఆమె కరర్ బెల్ అను పేరుతో 1847లో “జేన్ ఐర్” ప్రకటించినది. స్త్రీ వ్రాసినదన్న చులకనగా చూతురని ఆమె భయము. ఆ భయము న్యాయమైనది. రచయిత స్త్రీయా, పురుషుడా అని లండనులో వాదించుకొనుచుండగనే, నవలలో పిల్లలను పస్తులుంచు బడి ఏ బడియో, దాని పెద్ద ఏ మతాచార్యుడో తెలిసినవారు గుర్తుపట్టిరి. 1849లో వచ్చిన “షర్లీ”లో తన తండ్రి కొలువుండిన హావర్తు పరిసరములలోని చిన్న పాదరులను ఆమె ఎగతాళి చేసినది. వారును తమను తాము గుర్తుపట్టిరి. కోపించుటకు మారుగా నవలలోని పేర్లతోనే ఒకరినొకరు పిలుచుకొని నవ్వుకొనిరి. మంచివారు! వారిలో ఒకనినే ఆమె 1854లో పెండ్లియాడినది. ఇది నవ్వులతో ముగిసినది గాని అన్నియు ఇట్లు ముగియవు. తెర రచయిత ముఖమునకు మాత్రమే కట్టబడియుండెను. తక్కినవారందరు వెలుతురులో నిలువబడియుండిరి.

అట్లని సొంత పేరుతో వ్రాసిన దోషము తీరునా యన్న, తీరదు. చలముగారు తెర లేక వ్రాసిరి. వెలి, నింద అన్నియు తమ పేరుమీదనే పుచ్చుకొనిరి. కాని ఇంటియజమానిని వెలివేసినప్పుడు ఇంటిలోని స్త్రీలను పిల్లలను వేరుగ పిలిచి పీట వేయువారెవరు? 1950లో వారు అరుణాచలమునకు తరలిపోవునప్పటికి ఆ భారము ఇంటిల్లిపాదియు మోసియుండిరి. మాస్తివారిది వేరొక పద్ధతి. వారి కథలలో చాలవాటిని ఎవరో మిత్రుడు చెప్పినట్లు, ఎచ్చటనో విన్నట్లు నడుపుదురు. ఇది ఊరక శిల్పమని విమర్శకులనవచ్చును. మాకది మర్యాదగా తోచును: కథ నాది కాదు, ఒకరు నన్ను నమ్మి చెప్పినది అని ముందుగా ఒప్పుకొనుట.

మా సంగతి చెప్పవలెను. మేము పెద్ద రచయితలము కాము. రెండు నవలలు, ఏబది లోపు కథలు. అన్నియు కలము పేరుతోనే. ఆ పేరిక్కడ అవసరము లేదు.

మా నాయనకు తరువాతివాడైన చిన్నాయన చాంపియన్ రీఫులో భూగర్భమున పని చేసెడివాడు. ఆయన భార్యయైన చిన్నమ్మ ఇల్లు రాబర్ట్‌సన్‌పేటలో నుండెను. ఉగాదికి మావారందరు ఆ ఇంటనే చేరెడివారు. అచ్చటి ఉగాది కేవలము తెలుగు ఉగాదియు కాదు, కేవలము కన్నడ ఉగాదియు కాదు. కన్నడిగులవలె ముందు వేపపూవు బెల్లము నోటిలో పెట్టుదురు. తరువాత క్రొత్త చింతపండు, మామిడి పిందెలతో మన ఆరు రుచుల పచ్చడి. వెనుక మామిడికాయ చిత్రాన్నము, ఓళిగలు. ప్రక్కయింటి తమిళులకు ఓళిగలు పంపిన గిన్నె వట్టిగా తిరిగి రాదు. సంక్రాంతికి వారి పొంగలి, మన ఎళ్ళుబెల్లము, క్రిస్మసుకు చివరియింటివారి కేకు, ఇట్లు ఏడాది పొడుగునను ఆ గిన్నె తిరుగుచునే యుండును. ఉగాది మరునాడు హొసతొడకు. దానికి కావలసిన మసాలా ముందునాడే నూరి పెట్టుదురు. ఇంటిలో ఎంత ఇరుకైనను అరటియాకులు ఒక్క వరుసలోనే వేయవలెనని చిన్నమ్మ పట్టు. రెండు బంతులైన రెండు కుటుంబములగునని ఆమె అనెడిది. ఆ వరుస నడవలో మొదలై వంటింటి గడపవద్ద వంకర తిరిగెడిది.

చిన్నమ్మ చేతులకు ఎప్పుడును మట్టిగాజులే. బంగారము తనకు పడదని, తాకిన దురద పుట్టునని అందరికిని చెప్పెడిది. బంగారు గనిమీద కాపురముండి బంగారము పడదనుట మాకందరకు నవ్వు. “నీకు పడకే వాళ్ళంతా తవ్వుకొని పోతాండారు” అని చిన్నాయన హాస్యమాడెడివాడు. మా అవ్వ పోవుటకు కొలది దినముల ముందు, కాళ్ళొత్తుచున్న మాకు అసలు సంగతి చెప్పినది. పుట్టింటివారు పెట్టిన నాలుగు బంగారు గాజులను చిన్నమ్మ కుదువ పెట్టి, విడిపింపలేక పోగొట్టుకొన్నది. ఆ సొమ్ముతోనే మా కడపటి చిన్నాయన బెంగుళూరులో చదువుకొన్నాడు. ఉపకార వేతనము వచ్చినదని అతనితో చెప్పిరి. మరిది తన మొగమువంక చూచినప్పుడెల్ల బాకీ కనబడరాదని ఆమె కట్టిన మాట ఆ దురద.

1974 ప్రాంతమున, మాకు ముప్పది నిండకమునుపు, మేము దీనిని కథగా వ్రాసితిమి. పేర్లు మార్చితిమి. కోలారును అనంతపురము చేసితిమి, గనిని మిల్లు చేసితిమి. గాజులను, దురదను మాత్రము వదలలేకపోతిమి. అవి లేక కథ లేదని మా నమ్మకము. ఆమె గొప్పతనమును లోకమునకు చాటుచున్నామను పొంగు ఒకటి. ఒక వారపత్రిక దానిని అచ్చువేసినది. కలము పేరు మాది అని ఇంటిలో నొక్కరికిని తెలియదు.

ఆ యేటి ఉగాదినాడు అందరమును ఆకులముందు కూర్చుంటిమి. చిన్నమ్మ వడ్డించుచుండెను. పొరుగింటి తెలుగావిడ గిన్నె ఇచ్చిపోవుటకు వచ్చి, గడపలో నిలిచి, “ఏమక్కా, పత్రికలో నీ మాదిరే ఒకామె కథ వచ్చిండాది. ఆమెకీ బంగారం పడదంట!” అని నవ్వుచు కథ మొత్తము చెప్పినది. ఆమెకు ఏ దురుద్దేశమును లేదు. మరిది చదువు దగ్గరకు వచ్చునప్పటికి వరుసలో మాటలు ఆగిపోయినవి. కడపటి చిన్నాయన చేయి ఆకుమీదనే నిలిచిపోయెను. కొంతసేపటికి, “ఎవురు రాసిండేది?” అని అడిగెను. చిన్నమ్మ మావంక చూడలేదు. “ఎవురో లే. పేరు మన పక్క పేరు మాదిరి కూడా లేదు. అన్నం చల్లారిపోతాది, తిను” అన్నది. అతడు తినలేదు. చేయి కడుగుకొని బయటికి పోయెను.

సాయంకాలము పెరటిలో గిన్నెలు తోముచున్న చిన్నమ్మ దగ్గర నిలిచితిమి. అవ్వ ఈ సంగతి చెప్పినది మాకొక్కరికే గనుక ఆమె ఊహించుట కష్టము కాదు. తల యెత్తకయే, “పేరు మార్చినావు, ఊరు మార్చినావు. నా గాజులు మార్చేదానికి చేతకాలేదా నాయనా?” అన్నది. మాకు మాట రాలేదు. కోపపడియున్న బాగుండెడిది. ఆమె అంతకుమించి ఒక్క మాట అనలేదు, ఎవ్వరికిని చెప్పలేదు.

తరువాత రెండు ఉగాదులకు కడపటి చిన్నాయన రాలేదు. మూడవయేట రెండు బంగారు గాజులు డబ్బీలో పెట్టి తెచ్చి ఆమె పాదములవద్ద ఉంచెను. చిన్నమ్మ అందరి యెదుట డబ్బీ తెరిచి చూచి, “బంగారం నాకు పడదని నీకు తెలీదా?” అని అతని కూతురి చేతులకు వాటిని తొడిగినది. అతడు ఆ దినము భోజనము చేసెను గాని, మునుపటివలె వంటింటిలోనికి పోయి గిన్నెలోనుండి ఓళిగ తీసికొనుట మానుకొనెను. మేము చూచుచునే యుంటిమి.

చాలకాలము మేము అనుకొన్నది ఇది: రహస్యము బయటపడినందుకు ఆమె నొచ్చుకొన్నదని. అది కొంతవరకే నిజము. బంగారము పడదన్న మాటయే చిన్నమ్మకు కలము పేరు. ఒకరిని కాపాడుటకై ఆమె పెట్టుకొని ముప్పదియేండ్లు చెడకుండ నిలుపుకొన్న పేరు. మేము మా తెర వెనుక క్షేమముగా కూర్చుండి ఆమె తెరను లాగివేసితిమి. అదే బంతిలో, అదే నిమిషమున, ఎవరు వ్రాసిరన్న ప్రశ్నకు ఆమె మా తెరను పట్టుకొని నిలబడినది. తెరను బలవంతుని యెదుట కట్టుకొన్న డాలగును. ప్రేమ్‌చందుది అట్టిది, కరర్ బెల్‌ది అట్టిది. మనకంటె అశక్తుల యెదుట కట్టుకొన్నప్పుడు దానిని డాలనుటకు మాకు నోరు రాదు. పేరు రెంటను ఒక్కటే. ఎవరికి ఎదురుగా నిలిచియున్నామన్నదానిలోనే తేడా.

దీనికి ఒక ఆక్షేపణ వచ్చును. బంధువులందరి అనుమతి పుచ్చుకొని వ్రాయవలెనన్న లోకమున నవలయే ఉండదు గదా యని. నిజమే. కోడలిని హింసించినవాని అనుమతి ఎవ్వరడుగుదురు? అధికారముండి అన్యాయము చేసినవాడు తన కథను తాను వద్దనుటకు అర్హుడు కాడు. మేమనునది అట్టివారినిగూర్చి కాదు. మనలను నమ్మి, కాళ్ళొత్తించుకొనుచు, గిన్నెలు తోముకొనుచు, పచ్చడి కలుపుకొనుచు మాట జారవిడిచినవారినిగూర్చి. వారినిగూర్చి వ్రాసినవాడు మరుసటి పండుగకు అదే వరుసలో, కలము పేరు గడప బయట విడిచి, వారు పిలుచు పేరుతో కూర్చుండగలడా? ఈ పరీక్షలో తప్పిన కథ ఎంత బాగుండినను మాకు దాని బాగు రుచింపదు. ఇది అన్ని నవలలకు చెల్లు సూత్రమని మేము వాదింపము. పెద్ద రచయితలకు దీనిని దాటి పోవలసిన అగత్యములుండవచ్చును.

గనులు మూతపడిన పిమ్మట మావారిలో సగము మంది బెంగుళూరు చేరిరి. తెల్లవారు రైలులో పోయి రాత్రి వచ్చువారు కొందరు. చిన్నమ్మ పోయి చాలయేండ్లైనది. ఉగాది ఇప్పుడు మా ఇంట జరుగుచున్నది. ఆకులు ఒక్క వరుసలోనే వేయుదుము. మరునాడు, హొసతొడకు భోజనమైన పిమ్మట, ఆ యేట ఇంటివారిని గూర్చి ఏదైన వ్రాసియుండిన, ఆ ఒక్కరినే ప్రక్కగదిలోనికి పిలిచి చదివి వినిపింతుము. కొందరు నవ్వుదురు. కొందరు తేదీలు దిద్దుదురు. ఒక మేనత్త తన పాత్రకు పట్టుచీర కట్టింపుమన్నది. వద్దన్నవారును కలరు. అట్టి కథలు రెండు మా పెట్టెలో ఉన్నవి. వానిలో ఒకటి మేము వ్రాసినవాటిలో మేలైనదని మా అభిప్రాయము. అది అచ్చటనే యుండును.

పిల్లవానికి వచ్చే ఉగాదికి ఏమి చెప్పుదుమో ఇంకను తెలియదు. ఈ వ్యాసమును సంఘమువారికి పంపుటకు ముందు చిన్నమ్మ పెద్ద కూతురికి చదివి వినిపించితిమి. మధ్యలో రెండుమార్లు కన్నులు తుడుచుకొని, చివరివరకు విని, అచ్చువేయుటకు ఒప్పుకొన్నది. ఒక్కటి మాత్రము మార్చుమని అడిగినది. మార్చితిమి. పైన గాజులని వ్రాసినవి గాజులు కావు.